వేలిముద్ర

పుర్రె బొమ్మ వచ్చింది ఆ పొద్దు
మా ప్రవల్లిక దగ్గర్నించి.
ఒగటి కాదు, మూడు. పక్కన శవప్పెట్టె.
జహ్రాలో, వంటింట్లో, చేతినిండా చేప పొలుసులతో
యాడున్నదాన్ని ఆడే కూలబడినా.
ఎవురు పోయినారు?
మా యన్నా? మా చిన్నత్తా?
ఫోను మింద ఫోను చేసినా. ఎత్తదు.

నీళ్ల సీసాకని మేడ దిగొచ్చిన షహద్
నా ఫోను లాక్కోని చూసి
పొట్ట పట్టుకోని నవ్వింది.
గోడకి ఆనుకోని, నాలిక బయటేసి,
సచ్చినట్టు జారి నేల మింద కూచోని
మళ్లా నవ్వింది.
అట్ల తెలిసింది నాకు:
ఈ కాలం పిల్లోళ్లు నవ్వి నవ్వి సచ్చిపోతే
పుర్రె పెడతారంట.
పూడ్చిపెట్టాల్సినంత నవ్వొస్తే పెట్టె.
మేడం పారేసిన నల్ల కళ్లద్దాలు పెట్టుకోని
నేను దిగిన ఫోటో చూసి
బిడ్డ ఆడ నవ్వుతా ఉంటే
నేనీడ దినాలు లెక్కేస్తా ఉన్నా.

పదారేండ్ల షహద్ నాకు అయివారైంది.
దానికి తెలుగు రాదు. నా అరబ్బీ
పొయ్యి గట్టు దాటదు.
బొమ్మలు ఇద్దరికీ ఒగటే.
రెండు కండ్లు, నడాన నోరు:
చూసి కొయ్యబారిపోయినా అని.
రంగేసిన గోళ్లు:
నాకేం లెక్కలేదు పో అని.
తలకిందులుగా నవ్వే మొగం ఉందే,
అది నవ్వే కాదు,
కడుపులో కాలతా ఉంటే పండ్లు కనపడేది.
కండ్లనీళ్లు కార్చే మొగం కూడా నవ్వేనంట.
మరి ఏడుపొస్తే ఏం పెడతారు పాపా,
అని సైగ చేసి అడిగినా.
శానాసేపు ఆలోచించి
ఫోను బోర్లా పెట్టి చూపించింది.

నాకు అలవాటయింది ఒక్కటే, బొటనవేలు.
సరే అనేదానికి.
అదీ తప్పేనంట.
ప్రవల్లికే గొంతు పంపింది:
"అమ్మా, ఆ వేలు పెట్టొద్దు మా.
మాటలు చాలు, ఇంక పో అన్నట్టుంటాది.
కోపమొచ్చిందేమోనని రెండు రాత్రులు నిద్రపోలా."

ఈ వేలా?
ఈ వేలితోనే గదా
చౌక డిపోలో బియ్యం తెచ్చింది,
పొదుపు సంఘంలో అప్పు తీసింది,
ఏజెంటు కాగితాలు తిప్పతా ఉంటే
ఒగదాని ఎనక ఒగటి అద్దింది,
ఏం రాసుందో అడక్కుండా.
ఇమానం దిగినాక అద్దం మింద అదిమితే
అంట్లు తోమి తోమి గీతలు అరిగినాయని
మిషను ఒప్పుకోలా, నాలుగు తూర్లు.
బతుకంతా సరే సరే అన్న వేలు
బిడ్డకి పో అన్నట్టు ఇనపడింది.

మొన్న రేయి
పైనుంచి షహద్ పంపింది.
తలకిందుల మొగం. తాళం. చందమామ.
రోజూ ఆ యాలకి వచ్చేది రొట్టె బొమ్మ.
కింద గదిలో వాళ్లమ్మ ఎవురితోనో నవ్వి మాట్లాడతా ఉంది.
ఆ యమ్మకీ ఒగ బొమ్మ పోయే ఉంటాది,
నిద్రపోయే మొగం.
అల్లం దంచి టీ కాచి మెట్లెక్కినా.
తలుపు కొట్టలా, గోరుతో గీకినా.
తీసింది.
ఫోను మంచం మింద బోర్లా ఉంది.
అది పరుపు మింద, నేను నేల మింద.
ఏసీ చప్పుడు.
చల్లారినాక తాగింది, గ్లాసు అడుగుదాకా.
ఏమైందో నాకిప్పటికీ తెలీదు.

కిందికొస్తే నా ఫోనులో ప్రవల్లిక,
పరీక్షలని ఇంకా మేలుకోనుంది.
అన్నం పళ్లెం, పక్కన కొక్కెం గుర్తు.
తిన్నావా అని.
ఇల్లు పండుకుంది, గొంతు పంపలేను.
పళ్లెం పెట్టినా.
వేలు పోయి వేలు మిందే ఆగింది. తీసేసినా.
నిజం చెప్పాలంటే
ఆ తలకిందుల మొగమే పెట్టాల.
పుర్రె పెట్టినా.
రెండు.
నవ్వుకోని పండుకోనీ.